క్లైవస్ చూడనిదే సంతకం పెట్టకు

చి.ల.సౌ. అమ్మలును మామయ్య ఆశీర్వదించి రాయునది.

కపాలం అడుగున వచ్చే అరుదైన ఎముక కంతుల ఇమేజింగ్‌లో ఫెలోషిప్‌కు చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే సంతోషంతో నాకు గొంతు పూడుకుపోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఎముకకు సీటీ, మజ్జకూ నరాలకూ ఎమ్మారై, రెండూ పక్కపక్కన పెట్టుకొని చూడాలని నీకు చెప్పనక్కరలేదు.

చెప్పవలసింది వేరే ఉంది. 1996లో ఒక బస్సు డ్రైవరు, రెండు నెలలుగా తలనొప్పి అనీ, ఎదురొచ్చే లారీ రెండుగా కనబడుతోందనీ వచ్చాడు. మెదడంతా గాలించి, ఏమీ కనిపించక, నార్మల్ అని సంతకం పెట్టాను. ఎనిమిది నెలలకు ఆయన మళ్ళీ వచ్చేసరికి కుడి కన్ను ముక్కువైపు తిరిగిపోయింది. పాత ఫిల్మును వ్యూ బాక్సు మీద పెట్టి చూస్తే, తలను నడిమికి నిలువుగా కోసినట్టు చూపే మధ్య సాజిటల్ టీ1లో (కొవ్వు తెల్లగా కనిపించే ఎమ్మారై చిత్రం), కొవ్వు మజ్జతో తెల్లగా ఉండవలసిన, కపాలం అడుగున మధ్యలో ఏటవాలుగా ఉండే ఎముక అయిన క్లైవస్‌లో చిటికెన వేలి గోరంత నల్లమచ్చ అప్పటికే ఉంది. అది కార్డోమా అనే అరుదైన ఎముక క్యాన్సరు. కంటిని బయటివైపు తిప్పే ఆరవ నరం ఆ ఎముక వీపు వెంటే పైకి పాకుతుందని విద్యార్థులకు పాఠం చెప్పేవాణ్ణి నేనే. రెండుగా కనబడుతోందని రోగి తన నోటితోనే చోటు చెప్పినా అటు చూడలేదు. “ముందే ఉందా డాక్టరుగారూ?” అని ఆయన భార్య అడిగింది. ఉందనే చెప్పాను. ఆమె ఫిల్ముల కవరును ఒడిలో పెట్టుకొని చాలాసేపు అలాగే కూర్చుంది.

చిన్నప్పుడు లెక్కకు జవాబు రాగానే పెన్ను మూసేసేదానివి, ఎన్నిసార్లు కోప్పడ్డానో. ఇక్కడ ఆ తొందర వద్దు తల్లీ. నీరు తెల్లగా కనిపించే టీ2 ఎమ్మారైలో నీటిలా మెరిసినంత మాత్రాన కార్డోమా అనకు; మృదులాస్థి కణాల క్యాన్సరైన కాండ్రోసార్కోమా కూడా అలాగే మెరుస్తుంది, కాకపోతే అది ఎక్కువగా మధ్యగీతకు పక్కన, క్లైవస్ చెవి ఎముకతో కలిసే పెట్రోక్లైవల్ అతుకు దగ్గర పుడుతుంది, సీటీలో ఉంగరాల వంటి సున్నపు గీతలు చూపవచ్చు, ఏడీసీ విలువ (కణజాలంలో నీరు ఎంత సులువుగా కదులుతుందో చెప్పే ఎమ్మారై కొలత) కూడా సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. ఎముక స్థానంలో పీచు కణజాలం పెరిగే, క్యాన్సరు కాని ఫైబ్రస్ డిస్ప్లేసియా ఎమ్మారైలో క్యాన్సరేమోనని భయపెడుతుంది. సీటీలో అది గరుకు గాజులా కనిపిస్తే ఆ మనిషికి బయాప్సీ కోత తప్పించగలవు. పసిపిల్లల క్లైవస్ రక్తం తయారుచేసే ఎర్రమజ్జ వల్ల టీ1లో సహజంగానే నల్లగా ఉంటుంది కనుక వయసు చూడకుండా ఏ మాటా రాయకు.

అనుమానం వస్తే అర్ధరాత్రయినా ఫోను చెయ్యి, నేను మేలుకునే ఉంటాను. చిత్రాలు పంపేటప్పుడు రోగి పేరు తీసేసి, మధ్య సాజిటల్‌ను అన్నిటికన్నా ముందు పంపు.

ఇట్లు,
నీ మామయ్య