పడవ ఇంజిన్: సరస్సు నీళ్లు బయటే ఉండాలంటే

ప్రశ్న: రంభలో యాత్రికుల్ని చిలికాలో తిప్పే ఇనుప పడవ మాది. 24 హార్స్‌పవర్ వాటర్ కూల్డ్ డీజిల్ ఇంజిన్. సరస్సు నీళ్లనే లాగి ఇంజిన్లో తిప్పి సైలెన్సర్ పైపులోంచి వదులుతుంది. గడ్డి, నాచు చిక్కి జాలీ మాటిమాటికీ మూసుకుపోతోంది. పడవ గోడకే లోపల ట్యాంకు వెల్డింగ్ చేయించి, అందులో మంచినీళ్లు తిప్పితే చాలంటున్నారు. ఎంత ట్యాంకు కావాలి?
– ఒక పాఠకుడు, రంభ (గంజాం జిల్లా)

జవాబు: చేయించండి. గడ్డి ఉన్న, లోతు తక్కువున్న నీళ్లకు సరిపోయే పద్ధతి అదే. చల్లటి దేశాల కాలువ పడవల్లో 4 హార్స్‌పవర్‌కు ఒక చదరపు అడుగు చొప్పున లెక్క వేస్తారు. మన దగ్గర నీళ్లే 30 డిగ్రీలుంటాయి, అంత తొందరగా వేడి లాగవు. అందుకే 3 హార్స్‌పవర్‌కు ఒక చదరపు అడుగు పెట్టుకోండి. అంటే మీకు 8 చదరపు అడుగులు. లెక్కలోకి వచ్చేది నీళ్లలో మునిగి ఉండే గోడ మాత్రమే. మునక లోతు ఒక్క అడుగే ఉంటే 8 అడుగుల పొడవు పట్టుకోవాలి. పడవ అడుగున పెట్టవద్దు, బురద తగిలితే వేడి బయటికి పోదు.

ట్యాంకు మందం అంగుళంన్నర చాలు. అందులో 28 లీటర్ల దాకా పడతాయి. లోపల రెండు అడ్డపట్టీలు పెట్టించి నీళ్లు మూడు వరసల్లో తిరిగేలా చేయాలి. పట్టీలు లేకపోతే వేడినీళ్లు దగ్గరి దారిన బయటపడతాయి, మిగతా గోడంతా దండగ. పట్టీలు బయటి గోడకు ఆనాలి. ఇంజిన్ నుంచి వచ్చే హోస్ పైన ఒక కొసన, తిరిగి వెళ్లేది కింద రెండో కొసన. ప్రతి పట్టీకీ ఎత్తుగా ఉండే కొసన 3 మిల్లీమీటర్ల చిల్లు వేయించండి, ట్యాంకు నెత్తిన గాలి తీసే చిన్న వాల్వు పెట్టించండి. ఈ రెండూ మరిచిపోతే గాలి లోపలే పట్టేస్తుంది. లీకు పరీక్ష గాలితో వద్దు, ప్రమాదం. నీళ్లు నింపి 10 పిఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దాకా ఎక్కించి చూడండి.

వెల్డింగ్‌కన్నా ముందు చూసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది సైలెన్సర్ పైపు. ఇప్పుడు దాన్ని కాపాడుతున్నది సరస్సు నీళ్లే. ఆ నీళ్లు ఆపేస్తే రబ్బరు హోస్ కాలిపోతుంది, పొగ పడవలోకే వస్తుంది, యాత్రికుల ప్రాణాల మీదికి వస్తుంది. ఇనుప పైపు వేసి, గ్లాస్ ఫైబర్ పట్టీ దట్టంగా చుట్టించి, ఇంజిన్ దగ్గర ముడుచుకునే స్టీల్ బెలోస్ పెట్టించండి. రెండోది పంపు. రబ్బరు రెక్కల పంపు వేడి కూలెంట్‌లో (ఇంజిన్‌ను చల్లార్చే మందు కలిపిన నీళ్లలో) ఎక్కువకాలం నిలవదు. లోహపు రెక్కల సర్క్యులేటింగ్ పంపు ఉండాలి.

హెడర్ ట్యాంకు (కూలెంట్ పోసే, పొంగితే చోటిచ్చే చిన్న ట్యాంకు) మొత్తానికి ఎత్తుగా ఉండాలి, 7 పిఎస్‌ఐ మూతతో. వేడికి నీళ్లు లీటరు పైనే పొంగుతాయి, పైన రెండు లీటర్ల ఖాళీ వదలండి. పంపు పీల్చే వైపు మామూలు హోస్ నలిగి మూసుకుపోతుంది. లోపల తీగ ఉన్న హోస్ తీసుకుని, ప్రతి చివరా రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు బిగించండి. ఇంజిన్లో పేరుకున్న ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగాకే కూలెంట్ పోయండి. నెమ్మదిగా పోస్తూ, వాల్వులోంచి బుడగలు ఆగాక మూసి, తక్కువ స్పీడులో నడిపి, ఇంజిన్ చల్లారాక మళ్లీ మట్టం చూడండి.

ఇంజిన్ వేడెక్కితే థర్మోస్టాట్ (ఇంజిన్ తగినంత వేడెక్కాకే నీళ్లను ట్యాంకుకు వదిలే వాల్వు) పీకేయడం మన మెకానిక్కుల అలవాటు. దయచేసి చేయనివ్వకండి. కొన్ని ఇంజిన్లలో అది లేకపోతే నీళ్లు ట్యాంకుకు పోకుండా బైపాస్ అడ్డదారిలోనే తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది. ముందు గోడ ట్యాంకును జాగ్రత్తగా చేత్తో తాకి చూడండి. పైన వేడిగా, కింద చల్లగా ఉండి కూడా ఇంజిన్ కాలిపోతుంటే గాలి పట్టినట్టు, లేదా పంపు తిప్పనట్టు. అంతా ఒకేలా సలసల కాగుతుంటే వైశాల్యం చాలలేదు, లేదా బయట గుల్లలు, మందపాటి రంగు పేరుకున్నాయి. ట్యాంకు మొత్తం చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదు.

చిలికా నీళ్లు వానల్లో చప్పబడి, ఎండాకాలంలో ఉప్పెక్కుతాయి. పడవకు అల్యూమినియం ఆనోడ్లు (ఇనుముకు బదులు తామే తరిగిపోయే లోహపు దిమ్మలు) వేయించండి.

ప్రశ్న: మాది చెక్క పడవ. ఇదే ట్యాంకు పనికొస్తుందా?
– ఇచ్ఛాపురం

జవాబు: పనికిరాదు. చెక్క, ఫైబర్ వేడిని పోనివ్వవు. కీల్ (పడవ అడుగున నడిమి దూలం) పక్కన బయట రాగి లేదా కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) పైపులు వేసి, నేల తగలకుండా కాపు పెట్టాలి. ఎంత పొడవన్నది ఇంజిన్ తయారీదారు ఇచ్చే పట్టిక చూసి నిర్ణయించండి. రాగి నేరుగా ఇనుముకు ఆనకూడదు.

ప్రశ్న: బలిమెల జలాశయంలో ఇనుప పడవ నడుపుతాం. ఇక్కడ ఇంజిన్లో నీళ్లు గడ్డకట్టేంత చలి లేదు కదా, కూలెంట్ దండగ కాదా?
– చిత్రకొండ (మల్కాన్‌గిరి జిల్లా)

జవాబు: కూలెంట్ చలికే కాదు, తుప్పు రాకుండా కూడా. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు ఉత్త నీళ్లలో త్వరగా తినేసుకుపోతాయి, బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం గడుతుంది. మూడో వంతు కూలెంట్, రెండు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి, రెండేళ్లకోసారి మార్చండి. జలాశయం నీళ్లు ఉప్పు లేనివి కాబట్టి పడవకు మెగ్నీషియం ఆనోడ్లు వేయించాలి. పడవకు రంగు వేసేటప్పుడు వాటి మీద పడనివ్వకండి, రంగు పడితే అవి పనిచేయవు.