అల్లుడూ, ఆ పాత డబ్బా అప్పుడే అమ్మేయొద్దు

అనంతపురం

ప్రియమైన అల్లుడికి,

నువ్వు ఫోన్లో పంపిన ఫోటోలు రాత్రి ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూశాను. మీ నాన్న విత్తనాల అంగడిలో ఇన్నేళ్లు బిల్లులు కొట్టిన కంప్యూటర్ అది. పాత సామాన్లవాడికి వేసేద్దామా, లేక పనికొచ్చేవి ఉంచుకుని 30,000 లోపు కొత్తది చేసుకుందామా అని అడిగావు. వేసేయొద్దు. అలాగని అందులో ఉన్నవన్నీ మోసుకురావద్దు. అందరూ డబ్బులు మిగుల్చుకుందామని పాతది ఉంచేసే సామాను ఒకటుంది, సరిగ్గా దాన్నే నువ్వు ముందు తీసేయాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

నీకు బ్రౌజింగు, ఆన్‌లైన్ క్లాసులు మాత్రమే అయితే కొత్తది వద్దనేవాణ్ణి. హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ ఒకటి పెట్టి, ర్యామ్ 8 జీబీ చేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసిస్తే ఇంకో మూడు నాలుగేళ్లు నడిచేది. కానీ నువ్వు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో నేర్చుకుంటున్నానంటున్నావు. కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి ఫోన్ నడిపే ఎమ్యులేటర్ తెరిచావంటే 8 జీబీ కూడా ఉక్కిరిబిక్కిరైపోతుంది. 16 ఉంటే గానీ పని సాగదు. పైగా నీది 4వ తరం ఐ3. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా చోటు.

ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ ఈ మూడూ ఒక జట్టు. నీ పాత ప్రాసెసర్ కూర్చునేది 1150 సాకెట్‌లో, దాని ర్యామ్ డీడీఆర్3. ఇప్పటి బోర్డులకు కావలసింది డీడీఆర్4 లేదా డీడీఆర్5. పాత స్టిక్‌కు 240 పిన్నులు, డీడీఆర్4కు 288, మధ్యలో గాటు కూడా వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. కాబట్టి ఆ మూడూ కలిపి బయటికి తియ్యి, కలిపే దాచు. విడివిడిగా వాటికి విలువ లేదు, జట్టుగా ఉంటే ఎవరికైనా పనికొస్తాయి.

వాటి బదులు నా మాట అడిగితే ఏఎండీ వాళ్ల ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ తీసుకో. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంది, డీడీఆర్4తో నడుస్తుంది. బాక్స్‌లోనే కూలర్ వస్తుంది. ఆ చివరి ‘జీ’ అక్షరం మరిచిపోకు. ఉత్తి 5600 అని తక్కువకు చూపిస్తే దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా మానిటర్ మీద బొమ్మ రాదు. ఇంటెల్‌లో ఐ3-12100 కూడా మంచిదే, కాకపోతే కోర్లు నాలుగే. దానికి ‘ఎఫ్’ తోక ఉన్నదైతే అదే చిక్కు. దానికి సరిపోయే హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4వి, డీడీఆర్5వి రెండు రకాలూ ఉన్నాయి. పెట్టె మీద చదివి తీసుకో, అంగడివాడి నోటిమాట మీద వద్దు.

ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ కాకుండా 8, 8 రెండు తీసుకో. గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు ఆ పనికీ ర్యామే దిక్కు, రెండు స్టిక్కులుంటే తేడా కళ్లకు కనిపిస్తుంది. ఈమధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మొదట దాని ధర కనుక్కుని, మిగిలిన దాంట్లో బోర్డు చూసుకో. డబ్బులు చాలకపోతే ఇప్పుడు ఒకటి పెట్టు, రెండో స్లాట్ ఖాళీగా ఉండనీ.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంట్ ఇచ్చే పెట్టె. ముందు తీసేయాలన్న సామాను ఇదే. నువ్వు పంపిన ఫోటోలో దాని మీద 450 వాట్లని పెద్ద అక్షరాలున్నాయి. కింద చిన్న పట్టిక చూశావా? +12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లని ఉంది. ఇప్పటి కంప్యూటర్ ఎక్కువగా తాగేది ఆ 12 వోల్టుల కరెంటే. 12ను 14తో హెచ్చవేస్తే 168. ఆ 450 కాగితం మీదిదే. నీ కొత్త మిషన్ కార్డు లేకుండా 150 వాట్లు దాటడం అరుదు కాబట్టి ‘సరిపోతుంది కదా మామా’ అంటావు. ఎన్ని వాట్లు అన్నది ఒక్కటే కాదురా, ఎలాంటి కరెంట్ ఇస్తుందన్నదీ చూడాలి. లోపల కరెంట్‌ను నిలకడగా ఉంచే కెపాసిటర్లు ఏళ్లతరబడి వేడికి ఎండిపోతాయి. ఒక్కోటి తల ఉబ్బి, అంచున గోధుమరంగు జిగురు కారి ఉంటుంది. అలా అయ్యాక వోల్టేజి నిలకడగా ఉండదు.

ఒకతను పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. అతనికి బోర్డు మార్చినప్పుడు ఖర్చు తగ్గిద్దామని పాత ఎస్‌ఎంపీఎస్సే ఉంచింది నేనే. మే నెల మధ్యాహ్నం కరెంట్ పోయి ఒక్కసారిగా వచ్చింది. బోర్డు పోయింది, దాంతోపాటు హార్డ్ డిస్కూ పోయింది. అందులో రెండు పెళ్లిళ్లు ఉన్నాయి, ఇంకా ఆల్బమ్ చేయనివి. బోర్డు నా డబ్బుతో కొనిచ్చాను. ఆ ఇళ్లకు అతనితో పాటు నేనూ వెళ్లాను. ఒక పెద్దావిడ ‘మా ఆయన ఆఖరి ఫోటో అందులోనే ఉంది నాయనా’ అంది. ఆ తర్వాత ఎవరికీ పాత ఎస్‌ఎంపీఎస్ పెట్టలేదు. నీకూ పెట్టను. కరెంట్ వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు, కనీసం మూడేళ్ల వారంటీ, ప్రాసెసర్‌కు 8 పిన్నుల వైరు ఉన్న 450 వాట్లది కొత్తది తీసుకో. మిగతావాటిలో ఎక్కడైనా బేరమాడు, దీంట్లో తగ్గకు.

ఒక ఫోటో కింద, క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లకు జుమ్మంటోందని రాశావు. అది ఎర్త్ సరిగా లేకపోవడం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గు చూపించిన తర్వాతే కొత్త సామాను తగిలించు.

ఉంచుకునేవి చూద్దాం. క్యాబినెట్ బాగుంది, మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డు అందులో హాయిగా పడుతుంది. బిగించేటప్పుడు కింద బోర్డును ఎత్తిపట్టే ఇత్తడి స్టడ్‌లు చూడు. కొత్త బోర్డుకు రంధ్రం లేని చోట పాత స్టడ్ మిగిలిపోతే అది వెనకవైపు తగిలి షార్ట్ అవుతుంది. పాత కూలర్ రెక్కల మధ్య వేరుశనగ పొట్టు, దుమ్ము కలిసి దూదిపరుపులా పేరుకుని ఉంది. కర్నూలు ఎండల్లో కొత్తదానికీ అదే గతి పట్టకూడదు. ఇంట్లోనైనా రెండు నెలలకోసారి బ్రష్‌తో దులుపు. క్యాబినెట్ వెనక ఒక ఫ్యాన్ కూడా పెట్టించు.

మానిటర్ ఉంచుకో. దానికి వీజీఏ అనే పాతరకం వైరు చోటు ఒక్కటే ఉంది, వీజీఏ ఉన్న బోర్డులు ఇంకా దొరుకుతున్నాయి, అలాంటిది చూస్తే కన్వర్టర్ ఖర్చు తప్పుతుంది. కీబోర్డు, మౌసు సరే. యూపీఎస్ చచ్చిపోయిందన్నావు. చాలాసార్లు పోయేది బ్యాటరీనే. 600 వీఏదానిలో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, అది మారిస్తే లేచి కూర్చుంటుంది.

హార్డ్ డిస్క్‌లో విండోస్ వేయొద్దు. సిస్టమ్‌కు 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కొత్తది పెట్టు. పాత డిస్క్‌ను పక్కన సినిమాలకు, అంత ముఖ్యం కానివాటికి వాడుకో. అదీ డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి చూశాక. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే రెండు వరసల్లో చివరి ‘రా వాల్యూస్’ గడిలో సున్నా కాకుండా ఏమైనా ఉంటే, లేదా టక్ టక్‌మని చప్పుడొస్తే, దాన్ని నమ్మొద్దు.

కొనడం గురించి ఒక మాట. హైదరాబాదులో తక్కువని అందరూ అంటారు, నిజమే, ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ అక్కణ్నుంచి తెప్పించుకో. బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొంచెం ఎక్కువైనా కర్నూలులోనే కొను. మొరాయించేవి ఎక్కువగా అవే. సాయంత్రం చేతిలో పట్టుకుని వెళ్లి చూపించేంత దూరంలో అంగడి ఉండాలి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో.

మీ నాన్న అంగడి ఖాతాలు ఇంకా ఆ డిస్క్‌లోనే ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి మీ నాన్న ఫోన్లో కాపీ చెయ్యి. తెరిచి చూసి, లెక్కలు కనబడుతున్నాయని ఆయన చేతే అనిపించు. సామాను అంతా వచ్చాక ఫోన్ చెయ్యి, ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్టు నా దగ్గర ఉంది, అది కొనొద్దు.

మీ మామ