తిప్పతీగలో 336 పీక్: బెర్బెరినేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది: చంద్రగిరి వైపు పొలం గట్టున కోసిన తిప్పతీగ కాడను మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అయాన్ల బరువు కొలిచే మెషీన్) పెడితే 336, 338, 342, 352 బరువుల దగ్గర పీకులు వచ్చాయి. ఒక్కోదాంట్లోంచి ప్రోటాన్ బరువు 1.007 తీసేసి లైబ్రరీలో వెతికితే పొంతనలేని పేర్లు వస్తున్నాయి. యాసిడ్–బేస్ పద్ధతిలో శుద్ధి చేస్తే పీకులే మాయం.

ముందు ఆ తీసివేత మానేయండి. ఇవి క్వాటర్నరీ అల్కలాయిడ్లు, అంటే నైట్రోజన్‌కు నాలుగు బంధాలున్న మొక్క పదార్థాలు. నైట్రోజన్ మీద ధనావేశం ముందే ఉంది కాబట్టి సోర్స్‌లో (మెషీన్‌లో అయాన్లు తయారయ్యే చోట) ప్రోటాన్ వచ్చి చేరే పనిలేదు. సాఫ్ట్‌వేర్‌లో అడక్ట్‌ను (అయాన్ ఏ రూపంలో ఉందో చెప్పే సెట్టింగ్) ఎం ప్లస్‌కి, అంటే ఏమీ చేరని అయాన్‌కి, మార్చి చూడండి: బెర్బెరిన్ 336.1230, జాట్రోరైజిన్ 338.1387, మాగ్నోఫ్లోరిన్ 342.1700, పాల్మటిన్ 352.1543. చేత్తో లెక్కేస్తే ఎలక్ట్రాన్ బరువు 0.00055 కూడా తగ్గించాలి. ఇక్కడ అదే 1.6 పిపిఎం (పది లక్షల్లో 1.6 వంతులు).

అసలు చిక్కు 336 దగ్గరుంది. పాల్మటిన్ సోర్స్‌లోనే విరిగి మీథేన్ పోగొట్టుకుంటే మిగిలేది 336.123, అంటే అచ్చం బెర్బెరిన్ ఫార్ములాయే. ఎంత ఖరీదైన మెషీనైనా బరువును బట్టి ఈ రెంటినీ విడదీయలేదు. 336.123, 352.154 క్రోమాటోగ్రామ్‌లను (ఆ బరువు ఏ నిమిషంలో బయటికొచ్చిందో చూపే గీతలను) ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. రెండు శిఖరాలూ ఒకే నిమిషంలో ఉంటే అనుమానించాల్సిందే. కోన్ వోల్టేజ్ (సోర్స్‌లో అయాన్లను విరగ్గొట్టగల వోల్టేజ్) తగ్గించండి. 352తో పోలిస్తే 336 పడిపోతే అది పాల్మటిన్ ముక్క. సి18 కాలమ్‌లో (పదార్థాలను విడదీసే గొట్టం) ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి కాబట్టి గ్రేడియెంట్ (సాల్వెంట్ మిశ్రమం మారే తీరు) నెమ్మదిగా నడపండి. తిప్పతీగలో బెర్బెరిన్ దండిగా దొరికిందనే రిపోర్టు చూస్తే నేను మొదట అడిగేది ఈ ఓవర్‌లేనే.

ఎంఎస్/ఎంఎస్‌లో (అయాన్‌ను కావాలనే విరగ్గొట్టి ముక్కలు చూసే పద్ధతి) బెర్బెరిన్ 321, 320, 306, 292 ఇస్తుంది. పాల్మటిన్ 337, 336, 322, 308. మాగ్నోఫ్లోరిన్ తీరు వేరు, డైమిథైలమైన్ పోయి 297 వస్తుంది.

338 దగ్గర దశాంశాలు చూడండి. 338.34 అయితే ప్లాస్టిక్ ట్యూబుల నుంచి దిగే ఎరుకమైడ్, మొక్కది కాదు. దశాంశాలు తేల్చలేని సింగిల్ క్వాడ్ మెషీన్‌లో రెండూ 338గానే కనిపిస్తాయి. బ్లాంక్‌లో (మొక్క వేయని ఉత్త సాల్వెంట్‌లో) కూడా వస్తే ఇక వాదన అక్కర్లేదు.

యాసిడ్–బేస్‌లో పీకులు పోవడం మామూలే. క్షారం వేసినా ఈ అయాన్లు నీళ్లు వదిలి క్లోరోఫామ్‌లోకి రావు. పైగా అమ్మోనియా, క్లోరోఫామ్ కలిసిన చోట బెర్బెరిన్ ట్రైక్లోరోమిథైల్ ఉత్పన్నంగా మారి, మొక్కలో లేని పదార్థం పుట్టుకొస్తుంది. నీడన ఆరిన పొడి 100 మిల్లీగ్రాములు, 0.1% ఫార్మిక్ యాసిడ్ కలిపిన 70% మెథనాల్ 10 మిల్లీలీటర్లు, 20 నిమిషాల సోనికేషన్ చాలు. సెంట్రిఫ్యూజ్ చేసి 0.22 మైక్రాన్ పీటీఎఫ్ఈ ఫిల్టర్‌లో వడకట్టి, వంద రెట్లు పలుచన చేయండి. పలుచన చేయకపోతే డిటెక్టర్ నిండిపోయి బరువు అంకె పక్కకు జరుగుతుంది. మొబైల్ ఫేజ్‌లో (కాలమ్ గుండా పారే ద్రవంలో) 10 మిల్లీమోలార్ అమ్మోనియం ఫార్మేట్ ఉంటే పీకు తోక తగ్గుతుంది. ఫాస్ఫేట్ బఫర్ మాత్రం మాస్ మెషీన్ దరిదాపుల్లోకి రానీయొద్దు. బెర్బెరిన్ సూదికి, కాలమ్‌కి పట్టుకుని తర్వాతి ఇంజెక్షన్‌లో తేలుతుంది కాబట్టి ప్రతి శాంపిల్ తర్వాత బ్లాంక్ నడపండి.

మొక్క సంగతి కూడా. ఆకు అడుగున నూగు ఉంటే అది తిప్పతీగ ప్రజాతి అయిన టినోస్పోరాలోనే వేరే జాతి కావచ్చు. నమూనా ఆరబెట్టి, ఎస్వీ యూనివర్సిటీ బోటనీ విభాగంలో చూపించి పేరు ఖాయం చేసుకోండి. ఇంకా కావాలంటే గట్ల మీదే కోయండి, అనుమతి లేకుండా శేషాచలం అడవిలోకి వెళ్లొద్దు.

బెర్బెరిన్ క్లోరైడ్, పాల్మటిన్ క్లోరైడ్ స్టాండర్డ్‌లు కొనడానికి దొరుకుతాయి. మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రామ్ చొప్పున విడిగానూ, ఎక్స్‌ట్రాక్ట్‌లో కలిపీ ఇంజెక్ట్ చేయండి. 338కి స్టాండర్డ్ లేకపోతే “జాట్రోరైజిన్ లేదా కొలంబమైన్” అని రాయండి. వాటి ఫార్ములా ఒకటే.