నెలసరి ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపిస్తే మాత్రలతో ఆపకండి

ప్రశ్న: మాది గుంటూరు శివారులో ఒక కాలనీ. మా అమ్మకు 52 ఏళ్ళు. మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్తుంది. మా కాలనీలో రెండేళ్ళలో ముగ్గురు ఆడవాళ్ళు గర్భసంచి క్యాన్సర్‌తో చనిపోయారు. ముగ్గురూ మిర్చి పని చేసినవాళ్ళే. ఆ ఘాటు వల్ల ఈ జబ్బు వస్తుందా? లేక మా వాళ్ళ రక్తంలోనే ఉందా? అమ్మకు నెలసరి ఆగి మూడేళ్ళయింది. నాలుగు నెలలుగా అప్పుడప్పుడు కొంచెం ఎర్రగా కనపడుతోంది, తెల్లబట్ట కూడా వాసన వస్తోంది. నడుం నొప్పి ఉంది. మా వీధి ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రలు వేసుకుంటే ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. కడుపు స్కానింగ్ తీయిస్తే నార్మల్ అన్నారు. గర్భసంచి తీయించేస్తే భయం ఉండదని చుట్టాలు చెబుతున్నారు. నాకు 24 ఏళ్ళు, నేను టీకా వేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మిర్చి గురించీ టీకా గురించీ తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది మధ్యలో మామూలుగా రాసేసిన ఒక మాట: నాలుగు నెలలుగా ఎర్రగా కనపడుతోంది. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనపడినా అది పరీక్ష చేయించాల్సిన విషయమే. మీ అమ్మగారికి మూడేళ్ళ తర్వాత వచ్చింది, పైగా వాసన ఉంది, నడుం నొప్పి ఉంది. ఈ వారంలోనే ఆవిడను గైనకాలజిస్టుకు చూపించండి. వచ్చే నెల కూలి డబ్బులు చేతికొచ్చాక అనుకోకండి.

క్యాన్సరే అని నేను అనడం లేదు. మనిషిని చూడకుండా ఏ డాక్టరూ ఆ మాట అనకూడదు. ఈ వయసులో హార్మోన్లు తగ్గి లోపలి పొర పల్చబడినా రక్తం కనపడుతుంది. చిన్న కండ పెరిగినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా కనపడుతుంది. చాలామందిలో చివరికి తేలేది ఇలాంటి కారణాలే. కానీ అది తేల్చాలంటే లోపల చూడాలి. మీరు రాసిన నాలుగు నెలల్లో ఆవిడను బల్ల మీద పడుకోబెట్టి, స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి, గర్భాశయ ముఖద్వారాన్ని (గర్భసంచి మూతిని) కంటితో చూసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? ఉన్నట్టు మీ ఉత్తరంలో లేదు.

స్కానింగ్ నార్మల్ అన్నారని ధైర్యపడకండి. కొత్తపేటలో ఏ ల్యాబ్‌లోనైనా కడుపు మీద నుంచి తీసే స్కానింగ్‌లో గర్భసంచి సైజు, గడ్డలు, లోపలి పొర మందం కొంతవరకు తెలుస్తాయి. ముఖద్వారం దగ్గర మొదటి దశలో ఉన్న పుండు అందులో కనపడకపోవచ్చు. రిపోర్టు చేతిలో పెట్టుకుని 'స్కానింగ్ బాగానే ఉంది కదా డాక్టర్ గారూ' అని ఆరు నెలలు ఆలస్యంగా వచ్చేవాళ్ళను నేను తరచుగా చూస్తుంటాను. డాక్టరు చూశాక అక్కడ పుండు గానీ, తాకితే రక్తం వచ్చే కండ గానీ ఉంటే వెంటనే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముఖద్వారం బాగుంటే, యోని ద్వారా స్కాన్ చేసి లోపలి పొర చూస్తారు, అవసరమైతే ఆ పొర నుంచి కూడా ముక్క తీస్తారు. పాప్ పరీక్ష (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసేది) నార్మల్ వచ్చినా రక్తం కనపడటం ఆగకపోతే అక్కడితో వదిలేయకూడదు.

ఇక ఆ మాత్రలు. పేరు రాయలేదు కాబట్టి ఏమిటో నాకు తెలియదు. సాధారణంగా ఇలాంటప్పుడు ఇచ్చేవి రెండు రకాలు: రక్తం గడ్డకట్టించేవి, హార్మోన్ మాత్రలు. రెండూ రక్తాన్ని కొన్ని రోజులు ఆపుతాయి, కారణాన్ని మాత్రం ముట్టుకోవు. అందుకే ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ప్రమాదం ఏమిటంటే, ఆగిన ప్రతిసారీ ఇంట్లో అందరికీ టెన్షన్ తగ్గిపోతుంది, ఇంకో నెల గడిచిపోతుంది. వాటిని ఇక వేయవద్దు. మిగిలిన స్ట్రిప్పులు పారేయకుండా డాక్టరుకు చూపించండి. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే అవి మాత్రం ఆపకండి.

నడుం నొప్పికి మెడికల్ షాపు నుంచి మాత్రలు తెచ్చి వేస్తున్నారా? రాయలేదు గానీ వేస్తూనే ఉంటారని నా అనుమానం. తొడిమల పనికి రోజంతా కింద కూర్చునేవాళ్ళలో ఆ మాత్ర వేసుకోనివాళ్ళు అరుదు. నెలల తరబడి నొప్పి మాత్రలు వాడితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఒకవేళ జబ్బు ఉన్నట్టు తేలితే, కరెంటుతో (రేడియేషన్) పాటు వారానికోసారి ఇచ్చే సిస్ప్లాటిన్ అనే క్యాన్సర్ మందుకు కిడ్నీలు బాగుండాలి. ఎన్ని నెలలుగా వేస్తున్నారో డాక్టరు దగ్గర దాచకుండా చెప్పండి.

గర్భసంచి తీయించేయమన్న చుట్టాల మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. గర్భసంచి ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వరుసగా చెబుతూ వచ్చాయి. తెల్లబట్ట అన్నా, నడుం నొప్పి అన్నా, 'ఇక పిల్లలు వద్దు కదా, తీయించేస్తే పోతుంది' అనే సలహా కూలి పనికి వెళ్ళే ఆడవాళ్ళకే ముందు అందుతుంది. ముప్పై, ముప్పై ఐదేళ్ళకే తీయించుకుని, ఎముకలు గుల్లబారి వచ్చేవాళ్ళున్నారు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ముఖద్వారంలో క్యాన్సర్ ఉందో లేదో ముక్క పరీక్షతో తేల్చకుండా మామూలు గర్భసంచి ఆపరేషన్ చేసేస్తే, జబ్బు సగం లోపలే మిగిలిపోవచ్చు. ఆ తర్వాత చేయాల్సిన చికిత్స కష్టమవుతుంది, నయమయ్యే అవకాశం తగ్గుతుంది. అలా ఆపరేషన్ అయిన నాలుగు నెలలకు మళ్ళీ రక్తం పోతోందని పల్నాడు వైపు తండా నుంచి ఒకావిడ వచ్చింది. సంచిలో ఏడు చోట్ల రాయించుకున్న చీటీలున్నాయి, ముక్క పరీక్ష రిపోర్టు ఒక్కటీ లేదు. తీసిన గర్భసంచిని కూడా పరీక్షకు పంపలేదట. ఆవిడకు అప్పు మాత్రం లక్ష దాటింది. మొదటిసారి రక్తం కనపడినప్పుడే ఎవరైనా ఐదు నిమిషాలు లోపల చూసి ఉంటే బాగుండేది. కాబట్టి ముక్క పరీక్ష రిపోర్టు చూడకుండా ఎవరు ఆపరేషన్ డేట్ ఇచ్చినా ఒప్పుకోకండి.

మీ వాళ్ళ రక్తంలో ఉందా అని అడిగారు. లేదు. మనవాళ్ళు గర్భసంచి క్యాన్సర్ అనేది చాలావరకు ముఖద్వారంలో వచ్చేదాన్నే. ముఖద్వార క్యాన్సర్లు దాదాపు అన్నీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి. అందులో 16, 18 రకాలే సుమారు 70 శాతానికి కారణం. పెళ్ళయినవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది, ఎక్కువమందిలో దానంతట అదే పోతుంది. భర్త నుంచి వచ్చి ఉండవచ్చు, ఇరవై ఏళ్ళ కిందట వచ్చి ఉండవచ్చు. ఆవిడ నడవడికతో దీన్ని ముడిపెట్టి ఎవరైనా మాట్లాడితే మీరు గట్టిగా ఆపండి. ఆ మాటలకు భయపడి ఆస్పత్రికి రానివాళ్ళు ఉన్నారు.

వైరస్ నిలిచిపోయిన కొద్దిమందిలో అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. అంటే పట్టుకోవడానికి అన్నేళ్ళ సమయం దొరుకుతుంది. మీ కాలనీలో పోయిన ముగ్గురికీ ఆ అన్నేళ్ళలో ఒక్కసారైనా పరీక్ష జరిగిందా? 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. బ్రాడీపేటలో ఉండే టీచరమ్మకూ మీ కాలనీ ఆవిడకూ ఒకే వైరస్. టీచరమ్మకు సెలవు ఉంటుంది, తోడు వచ్చేవాళ్ళుంటారు, మొదటి చుక్కకే డాక్టరు దగ్గరికి వెళ్తుంది. మీ అమ్మగారికి ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోతుంది, మగ డాక్టరు చూస్తాడేమోనని సిగ్గు, ఆస్పత్రిలో ఏ గదికి వెళ్ళాలో తెలియదు. చావుల్లో తేడా వచ్చేది ఇక్కడే. ఈ తేడాను తగ్గించవచ్చని మన దేశంలోనే రుజువైంది. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి 1998 నుంచి సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం చేసింది. పదో తరగతి చదివిన ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, ముఖద్వారానికి వెనిగర్ లాంటి ద్రవం పూసి చూసే వీఐఏ పరీక్షను రెండేళ్ళకోసారి చేయించారు. పరీక్షలు జరిగిన గుంపులో ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పెద్ద మిషన్లు ఏమీ లేవు.

అదే పరీక్ష మన పీహెచ్‌సీల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో 30 దాటిన స్త్రీలకు ఐదేళ్ళకోసారి చేయాలని జాతీయ కార్యక్రమంలోనే ఉంది. అదే రోజు రొమ్ములు, నోరు కూడా చూస్తారు. ఏఎన్ఎం ఇంటికి వచ్చినప్పుడు 'మాకేం లేదు' అని పంపేయకుండా కాలనీ ఆడవాళ్ళను పోగుచేసి తీసుకెళ్ళండి, మీరు చదువుకున్నారు కదా. ఏఆర్‌టీ (హెచ్ఐవీకి ఇచ్చే) మందులు వాడుతున్న స్త్రీలు ఎవరైనా ఉంటే వాళ్ళకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ. వాళ్ళకు 25 ఏళ్ళ నుంచే పరీక్షలు మొదలుపెట్టాలి, మూడేళ్ళకోసారి అయినా చేయించాలి. అయితే వీఐఏ ఏ లక్షణాలూ లేనివాళ్ళ కోసం. మీ అమ్మగారికి ఇప్పుడు అది సరిపోదు. ఈ వయసులో చూడాల్సిన భాగం లోపలికి వెళ్ళిపోతుంది కూడా. ఆవిడకు పైన చెప్పిన పూర్తి పరీక్షలే కావాలి.

మిర్చి ఘాటుకు దగ్గు, ఆయాసం, కళ్ళ మంట, చేతుల మంట వస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోమనండి. ముఖద్వార క్యాన్సర్‌కు అది కారణం కాదు.

ఎక్కడికి వెళ్ళాలి? గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) గైనకాలజీ ఓపీకి ఉదయమే వెళ్ళండి. ఆధార్, రైస్ కార్డు, పాత చీటీలు, స్కానింగ్ రిపోర్టు అన్నీ తీసుకెళ్ళండి. ఆడ డాక్టరు చూడాలని అడగండి, మొహమాటపడకండి. జబ్బు ఉందని తేలితే అదే ప్రాంగణంలో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది. ఇదివరకు ఆరోగ్యశ్రీ అన్నదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. క్యాన్సర్ చికిత్సలు అందులో ఉన్నాయి. మీ కార్డుకు ఏది వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి. డబ్బు లేదని పరీక్ష వాయిదా వేసే ముందు ఈ రెండు పనులూ చేయండి.

కరెంటు పెట్టాల్సి వస్తే ఒక సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు బయటి నుంచి, ఆ తర్వాత లోపల కొన్నిసార్లు పెడతారు. మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలి. మధ్యలో మానితే ఫలితం తగ్గుతుంది. మిర్చి సీజన్ వచ్చిందని, పద్దెనిమిది సిట్టింగులకే ఆపేసి పనికి వెళ్ళిపోయినవాళ్ళను చూశాను. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఇంట్లో వండుకోవడానికి లేకపోతే ఏం చేస్తారు? అందుకే డ్వాక్రా గ్రూపులోనో చుట్టాల్లోనో ఆ రెండు నెలలు ఇల్లు ఎలా నడుస్తుందో, రోజూ ఆవిడ వెంట ఎవరు వెళ్తారో మొదటి రోజే తేల్చుకోవాలి. రక్తం తక్కువగా ఉంటే ముందే ఎక్కించుకోవాలి.

మీ టీకా సంగతి. 24 ఏళ్ళకు వేయించుకోవచ్చు. మీ వయసుకు మామూలుగా మూడు డోసులు. గర్భం ఉంటే తర్వాతికి వాయిదా వేస్తారు. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన సెర్వావ్యాక్ 2023 నుంచి మార్కెట్లో ఉంది. టీకా అన్నిటికంటే బాగా పనిచేసేది 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు. చెల్లెలు ఉంటే ముందు ఆ అమ్మాయికి వేయించండి. వేయించుకున్నా 30 దాటాక పరీక్షలు మానకూడదు.

ఇది మీరు రాసిన నాలుగు వాక్యాలు చదివి ఇచ్చిన సలహా మాత్రమే, చూసిన డాక్టరు మాటే అంతిమం. ఈలోగా రక్తం ఎక్కువగా పోయినా, కళ్ళు తిరిగినా, మూత్రం తగ్గినా, కాళ్ళు వాచినా ఓపీ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. ముక్క తీస్తే రిపోర్టు ఎప్పుడు వస్తుందో తేదీ రాయించుకోండి, ఆ రోజు మీరే స్వయంగా వెళ్ళి తెచ్చుకుని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. రిపోర్టు వచ్చాక ఏం రాశారో నాకు మళ్ళీ రాయండి.