ప్రొబయాటిక్స్ జీవితాంతం వాడాలా?

ప్రశ్న: నా వయసు 42 ఏళ్లు. పంటి ఇన్‌ఫెక్షన్‌కు వారం రోజులు యాంటీబయాటిక్స్ వాడినప్పుడు విరేచనాలు పట్టుకున్నాయి. ప్రొబయాటిక్ (మేలు చేసే సజీవ సూక్ష్మజీవులుండే) క్యాప్సూళ్లు వేసుకున్నాక నాలుగు రోజుల్లో తగ్గాయి. అప్పటి నుంచి మూడు నెలలుగా రోజుకొకటి వేసుకుంటున్నాను. మానేస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా తరిగిపోయి వ్యాధినిరోధక శక్తి తగ్గుతుందని, మనసు కూడా దిగులుగా మారుతుందని తెలిసినవారు అంటున్నారు. వీటిని జీవితాంతం వాడాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అవసరం లేదు. మీరు రాసిన వివరాలను బట్టి వాటిని ఈరోజే మానేసినా నష్టమేమీ ఉండదు. యాంటీబయాటిక్స్ వల్ల వచ్చే విరేచనాలు చాలామందిలో ఆ మందులు ఆపిన కొద్ది రోజులకు వాటంతట అవే తగ్గిపోతాయి కాబట్టి, మీకు గుణమిచ్చింది క్యాప్సూలేనని గట్టిగా చెప్పలేం.

మన శరీరంలోని బ్యాక్టీరియా సంఖ్య మన కణాలకు పది రెట్లని చాలాకాలం చెప్పుకున్నాం. 2016లో శాస్త్రవేత్తలు మళ్లీ లెక్కగట్టినప్పుడు బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు ఉండవచ్చని తేలింది. ఆ బ్యాక్టీరియా బరువంతా కలిపినా 200 గ్రాములకు మించదు. అందులో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది. మనం అరిగించుకోలేని పీచు పదార్థం అక్కడికి చేరాక ఈ సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి, బ్యుటిరేట్ వంటి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగు లోపొరలోని కణాలకు ప్రధాన ఇంధనం ఈ బ్యుటిరేటే. ఆ పొర బిగువుగా ఉన్నంతకాలం పేగులోని పదార్థాలు రక్తంలోకి అడ్డదిడ్డంగా చొరబడవు. పైగా, చోటంతా ఈ నివాసులే ఆక్రమించి ఉండటం వల్ల బయటి నుంచి వచ్చిన రోగకారక క్రిములకు నిలదొక్కుకునే వీలు తగ్గుతుంది. వ్యాధినిరోధక వ్యవస్థకు పేగులతో ఉన్న సంబంధం ఈ విధంగా నిజమైనదే. అయితే, ఆ సంబంధం ఉన్నంత మాత్రాన ఒక క్యాప్సూల్‌తో నిరోధక శక్తి పెరుగుతుందని అనుకోవడం తొందరపాటు.

క్యాప్సూల్ ద్వారా లోపలికి వెళ్లే బ్యాక్టీరియా సాధారణంగా అక్కడ స్థిరపడదు. అది చుట్టపుచూపుగా వచ్చి, మీరు వాడటం ఆపిన కొద్ది రోజులకో వారాలకో మలంతో పాటు వెళ్లిపోతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, యాంటీబయాటిక్స్ తర్వాత ఒక ప్రొబయాటిక్ మిశ్రమం తీసుకున్నవారికంటే ఏమీ తీసుకోనివారిలోనే సొంత బ్యాక్టీరియా త్వరగా పూర్వస్థితికి చేరింది. అందులో పాల్గొన్నవారు కొద్దిమందే, పరీక్షించినదీ ఒకే మిశ్రమం కనుక దాన్ని అన్నిటికీ వర్తింపజేయలేం గానీ, ‘మానేస్తే తరిగిపోతుంది’ అన్న మాటకు మాత్రం అది బొత్తిగా విరుద్ధంగా ఉంది.

ఇలాగని ప్రొబయాటిక్స్ అన్నీ వృథా అని నా అభిప్రాయం కాదు. తగిన మోతాదులో ఇచ్చినప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రొబయాటిక్స్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ 2001లో నిర్వచించాయి. ఇందులో ‘సజీవ’, ‘తగిన మోతాదు’ అన్న రెండు మాటలూ కీలకం. మీ సీసా మీది చీటీని ఒకసారి చూడండి. ‘లాక్టికేసిబాసిల్లస్ ర్యామ్నోసస్ జీజీ’ వంటి పేరు ఉంటే మొదటిది ఇంటిపేరు లాంటిది, రెండోది జాతి, చివరి ‘జీజీ’ ఆ జాతిలోని ఒక ప్రత్యేక రకం, అంటే స్ట్రెయిన్. పరీక్షల్లో ఫలితం కనిపించేది ఆ చివరి అక్షరాలకే తప్ప ఇంటిపేరు కలిసిన ప్రతిదానికీ కాదు. స్ట్రెయిన్ పేరే లేని చీటీని నేనైతే నమ్మను. పక్కనే ఉండే సీఎఫ్‌యూ అంకె సజీవ కణాల లెక్క. అది తయారైన రోజుదా, గడువు ముగిసే రోజు వరకూ హామీ ఇచ్చినదా అన్నది కూడా గమనించాలి. యాంటీబయాటిక్స్ వాడుతున్న రోజుల్లో విరేచనాలు రాకుండా చూడటానికి సాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్ కొంతవరకు ఉపకరిస్తుంది. అది బ్యాక్టీరియా కాదు కనుక ఆ మందులకు చావదు.

దిగులు సంగతి. మనోభావాలతో ముడిపడిన సెరొటోనిన్ అనే రసాయనంలో సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్నది వాస్తవం. కానీ అది రక్తం నుంచి మెదడులోకి ప్రవేశించలేదు. మెదడు తన సెరొటోనిన్‌ను తానే తయారుచేసుకుంటుంది. పేగులకు, మెదడుకు మధ్య నాడుల ద్వారా సంభాషణ జరుగుతున్న మాట నిజమే అయినా, క్యాప్సూల్ మానేస్తే దిగులు కమ్ముకుంటుందని భయపడనక్కర్లేదు.

పులిసిన పాలు ముసలితనాన్ని వాయిదా వేస్తాయని నూరేళ్లకు పూర్వమే నమ్మిన జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి వ్యాధినిరోధక శక్తిపై చేసిన కృషికి తప్ప పులిసిన పాలకు కాదన్న సంగతిని ప్రకటనలు రాసేవారు తరచూ మరచిపోతుంటారు. అయినా ఆయన ఊహ పూర్తిగా తప్పు కాదు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులపై జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పది వారాలు పులియబెట్టిన ఆహారం ఎక్కువగా తిన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది. కాబట్టి క్యాప్సూల్‌కు పెట్టే ఖర్చును పప్పులు, కాయగూరలు, పండ్లు, ముడి ధాన్యాలు, పెరుగు మీద పెట్టండి. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది కనుక రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచి, నీళ్లు ఎక్కువగా తాగండి. విరేచనాలు తిరగబెట్టినా, రక్తం, జ్వరం కనిపించినా వైద్యుణ్ని కలవండి. యాంటీబయాటిక్స్ ముగిసిన కొన్ని వారాలకు కూడా క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తీవ్రమైన విరేచనాలు కలిగించవచ్చు.

ప్రశ్న: మా మామగారికి కీమోథెరపీ జరుగుతోంది. నీరసంగా ఉన్నారని ప్రొబయాటిక్ పొడి ఇవ్వాలనుకుంటున్నాం. ఇవ్వవచ్చా?
– మరొక పాఠకురాలు

జవాబు: ఆయనకు చికిత్స చేస్తున్న వైద్యుణ్ని అడగకుండా ఇవ్వకండి. ఆరోగ్యవంతులకు హాని చేయని సూక్ష్మజీవి సైతం కీమోథెరపీ వల్ల తెల్ల రక్తకణాలు తగ్గినవారిలో రక్తంలోకి చేరి ప్రాణాల మీదకు తేవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల విషయంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఇటువంటి హెచ్చరికే చేసింది. ఛాతీలోని పెద్ద సిరకు గొట్టం అమర్చి ఉంటే మరీ జాగ్రత్త. బౌలార్డీ ఈస్ట్ పొడిని ఆయనకు ఇవ్వకూడదు సరికదా, ఇంట్లో వేరెవరైనా వాడుతున్నా ఆ పొట్లాన్ని ఆయన గదిలో చించకండి. గాలిలో లేచిన పొడి, చేతులకు అంటిన పొడి కూడా ఆ గొట్టం దగ్గరకు చేరగలవు.