తపస్కాలంలో పిల్లల చేత దానం చేయించడం: ఒక ఉపాధ్యాయురాలి అనుభవం

కథోలిక ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరారనీ, తపస్కాలపు (ఈస్టరుకు ముందు నలభై రోజుల ప్రార్థన, ఉపవాసం, దానాల కాలపు) కార్యక్రమాలన్నీ మీకే అప్పగించారనీ మీరు రాశారు. నిరుడు డబ్బాలు పంచి, వసూలు చేసి, మొత్తం ఎంతో ప్రకటించడంతో అంతా ముగిసిపోయిందట. ఈసారి అది పిల్లల విశ్వాసంలో భాగం కావాలంటే ఏం చేయాలని అడిగారు. పన్నెండేళ్లపాటు మూడు, నాలుగు తరగతుల పిల్లలతో ఈ నలభై రోజులు గడిపిన దాన్ని కనుక, నేను చూసినది చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక్క మాట: వసూలు పట్టికను గోడకు తగిలించకండి.

మేం తగిలించాం. ఏ తరగతి ఎంత తెచ్చిందో రంగురంగుల కాగితాలతో చూపించే పట్టిక. పిల్లలు ఉత్సాహంగానే ఉన్నారు, డబ్బూ బాగానే వచ్చింది. మూడో వారంలో ఒక తల్లి వచ్చి, తన కొడుకు శుక్రవారం వస్తే బడికి వెళ్లనని ఏడుస్తున్నాడని చెప్పింది. డబ్బాలో వేయడానికి వాడి దగ్గర ఏమీ లేదు. అంతకు ముందు రెండు శుక్రవారాలు వాడు రాకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం నాటి పూజలో చదివే సువార్త మత్తయి ఆరో అధ్యాయం. దానం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దని, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనివ్వవద్దని ప్రభువు చెప్పేది అక్కడే. ఉదయం ఆ సువార్త విని, మధ్యాహ్నం ఆ పట్టిక తగిలించింది మేమే. ఆ సాయంత్రమే దాన్ని తీసేశాను. ఆ తల్లి ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది.

తరువాతి ఏడాది నుంచి పద్ధతి మార్చాం. తరగతిలో ప్రార్థన బల్ల మీద ఊదారంగు గుడ్డ పరిచి ఒకే పెట్టె పెట్టాం. శుక్రవారం ప్రతి పిల్లా, పిల్లవాడూ ఒక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అందులో వేయాలి. ఆ వారం ఎవరి కోసం ఏం చేశారో, ఏం వదులుకున్నారో దాని మీద రాయాలి, పేరు రాయకూడదు. నాణెం ఉంటే ఆ మడతలోనే పెట్టాలి, లేకపోతే వట్టి కాగితమే. చప్పుడు వినిపించకుండా పెట్టె అడుగున మందపాటి గుడ్డ వేశాను. చిన్న విషయమే, కానీ ఆ గుడ్డ లేకపోతే ఈ ఏర్పాటంతా వ్యర్థం. ఎవరి కాగితంలో నాణెం ఉందో పిల్లల చెవులు ఇట్టే పట్టేస్తాయి. ఆ కాగితాలు విప్పినప్పుడు నేను చదివినవి చాలా ఉన్నాయి. ‘అమ్మమ్మకు మందులు అందించాను’, ‘చెల్లి కొట్టినా తిరిగి కొట్టలేదు’. ఒకదానిలో ‘ఏమీ చేయలేదు, వచ్చే వారం చేస్తాను’ అని ఉంది. అన్నిటిలోకి నాకు నచ్చింది అదే.

ఉపవాసం గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా ఉండండి. తిరుసభ చట్టం (కథోలిక సంఘపు చట్టం, 1252వ నియమం) ప్రకారం మాంసం మానడం 14 ఏళ్లు నిండినవారికి, ఉపవాసం 18 ఏళ్లు నిండినప్పటి నుంచి అరవయ్యో ఏడు మొదలయ్యే వరకు వర్తిస్తుంది. మీ పిల్లలు ఈ రెండింటి కిందకూ రారు. అన్నం మానేసి వస్తే మెచ్చుకోకండి, పిలిచి తినిపించండి. అయితే అదే నియమంలో ఇంకో మాట ఉంది: ఆ వయసు రాని పిల్లలకు కూడా పశ్చాత్తాపపు అసలు అర్థం నేర్పే బాధ్యత గురువులదీ (అంటే ఫాదర్లదీ) తల్లిదండ్రులదీ అని. దానికి విభూది బుధవారం తరువాతి శుక్రవారం పూజలో చదివే యెషయా 58వ అధ్యాయం నాకు ఎంతో తోడ్పడింది. ఆకలిగొన్నవారితో రొట్టె పంచుకోవడమే దేవుడు కోరే ఉపవాసం అని ప్రవక్త చెప్పేది అందులోనే. దాని నుంచి మా తరగతిలో ఒక సూత్రం పుట్టింది: మనం వదులుకున్నది ఎవరికో ఒకరికి చేరాలి. ఆట మానేస్తే ఆ సమయం ఎవరికి ఇస్తున్నావు? అది చెప్పలేకపోతే ఆట మానవద్దు, ఆడుకో అనేదాన్ని.

పిల్లలు పెద్దపెద్ద ప్రతిజ్ఞలు చేసి మూడో రోజుకే తప్పుతారు, తప్పాక పూర్తిగా వదిలేస్తారు. అందుకని వాళ్లకు లెక్క నేర్పాను. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందు రోజైన పవిత్ర శనివారం వరకు 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. ఆదివారం ప్రభువు పునరుత్థానపు దినం కనుక ఈ లెక్కలో చేరదు. తప్పినవాళ్లు సోమవారం మళ్లీ మొదలుపెట్టవచ్చు.

డబ్బు ఎక్కడికి వెళ్తుందో మొదటి వారంలోనే చెప్పండి. చోటు ఒక్కటే ఉంటే మంచిది. ఆకలితో ఉన్న పిల్లల ఫోటోలు మాత్రం గోడకు అంటించకండి, అవి మన పిల్లలలో జాలినీ, దానితోపాటు తామే గొప్ప అనే భావాన్నీ పెంచుతాయి. దానికి బదులు నేను పవిత్ర బాల్య సంఘం కథ చెప్పేదాన్ని. 1843లో ఫ్రాన్సులో షార్ల్ ద ఫోర్బాఁ జాన్సన్ అనే పీఠాధిపతి (బిషప్), దూరదేశాల పిల్లలకు తమ దేశపు పిల్లలే సాయపడాలని దాన్ని ప్రారంభించారు. ఆయన పిల్లలను అడిగినవి రెండే: రోజుకొక మంగళవార్త జపం (మరియమ్మకు చేసే ‘హెయిల్ మేరీ’ ప్రార్థన), నెలకొక చిన్న నాణెం. ఇది విన్న ఒక పాప, ‘వాళ్లు కూడా మన కోసం ప్రార్థిస్తారా?’ అని అడిగింది. ప్రార్థిస్తారు అన్నాను. ఆ రోజు నుంచి మా జపంలో ‘మేము వారి కోసం, వారు మా కోసం’ అనే మాట చేరింది.

సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ ఒక్కో స్థలం దగ్గర ఆగి చేసే ప్రార్థన) 14 స్థలాలూ ఒకేసారి చేయిస్తే ఈ వయసు పిల్లలు అలసిపోతారు. నాలుగైదు ఎంచుకుని, ఐదో స్థలం దగ్గర ఎక్కువసేపు ఆగండి. దారిన పోతున్న సీమోను అనే అతణ్ణి సైనికులు బలవంతపెట్టి యేసు సిలువ మోయించారని చెప్పినప్పుడు ఒక బాలుడు, ‘బలవంతంగా మోస్తే అది సాయమేనా?’ అన్నాడు. నేను వెంటనే ఏమీ చెప్పలేదు. వెనుక వరుసలోంచి ఇంకొకడు, ‘మోసేటప్పుడు యేసు ముఖం చూసి ఉంటాడు కదా, అప్పుడు ఇష్టంగా మోసి ఉంటాడు’ అన్నాడు. మార్కు సువార్త సీమోను కొడుకుల పేర్లు కూడా చెబుతుంది. వాళ్లు తొలి క్రైస్తవులకు తెలిసినవాళ్లే అయి ఉంటారని చాలామంది భావిస్తారు. నేను దాన్ని నమ్ముతాను. పిల్లలకూ అదే చెప్పాను.

ఇతర మతాల పిల్లలూ ఉండవచ్చు కనుక తల్లిదండ్రులందరికీ విభూది బుధవారానికి వారం ముందే ఉత్తరం రాయండి. నుదుట విభూది ఎవరైనా పెట్టించుకోవచ్చు, కానీ ఎవరికీ తప్పనిసరి కాదు. పెట్టెలో కాగితం వేయడమూ అంతే. వసూలైన మొత్తాన్ని ఈస్టరు పండుగ తరువాత పాఠశాలంతటికీ కలిపి ఒక్క అంకెగా చెప్పండి, తరగతుల వారీగా వద్దు.

ఆ ఉత్తరంలోనే ఇంకొకటి చేర్చండి. నిరుటి మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) నాటి కొమ్మలు ఇంట్లో ఉంటే పిల్లలతో పంపమనండి. వాటిని కాల్చగా వచ్చిన బూడిదే విభూది బుధవారం నుదుట పెడతారు. మొదటి రోజున పిల్లలు తేగలిగినది, డబ్బుతో పని లేనిది అదే. కొమ్మ లేని పిల్లలకు పక్కవాడి దాంట్లోంచి ఒక ఆకు తుంచి ఇవ్వండి.