సమాధానం: ఖిల్లా చూసొచ్చిన పిల్లకు ఏ నవల?

అక్కా, తొమ్మిదో తరగతి చదివే మీ బిడ్డ ఖిల్లా వరంగల్ చూసొచ్చి రుద్రమ కథ అడుగుతోందని, మీరూ కలిసి చదివే నవలలు చెప్పమని రాశారు కదా. ముందు అడవి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ పట్టుకోండి. దొంగగా పేరుపడ్డవాడు రుద్రమకు ఎందుకు అండ అవుతాడన్న కుతూహలమే పేజీలు తిప్పిస్తుంది. బాపిరాజు చిత్రకారుడు కూడా, అందుకే నగలు, బట్టలు, కోటలు కళ్లముందు నిలబెడతాడు. భాష మొదట్లో కాస్త బరువనిపిస్తుంది. తొలి ప్రకరణాలు మీరే పైకి చదివి వినిపించండి, తర్వాత తనే లాక్కుంటుంది.

పిల్లకు ఒక్కటి మాత్రం చెప్పండి: అందులో కల్పన చాలా ఉంది. చరిత్ర కావాలంటే శాసనాల దగ్గరికి వెళ్లాలి. రుద్రమ మరణం సంగతి తెలిపేది 1289 నాటి చందుపట్ల శాసనం, అది నల్లగొండ జిల్లాలో ఉంది. నవల అయ్యాక ఇది చెబితే పిల్లకు ఇంకా ఆసక్తి పుడుతుంది.

మీకైతే దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. నిజాం కాలపు దొరల గడీలు (కోటల్లాంటి ఇళ్లు), వెట్టి, ఆ గడీల్లో దాసీలుగా బతికిన ఆడబాపల బతుకు, అన్నీ మన మాటల్లోనే. గుండె బరువెక్కుతుంది, పిల్లకు రెండేళ్లు ఆగి ఇవ్వండి. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ మాత్రం ఇద్దరూ ఇప్పుడే చదవొచ్చు.

కొనేముందు హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలో ఒకసారి అడిగి చూడండి.